గలగలయ్య చేతికంటిన రంగు

పక్కింటి పిన్నిగారు పాలవాడితో అన్నదట. పాలవాడు ఇస్త్రీబండి ఆమెతో అన్నాడట. ఇస్త్రీబండి ఆమె ఎవరితో అన్నదో తెలియదు గానీ, పొద్దెక్కేసరికి సంగతి వీధి చివరిదాకా పాకిపోయింది. అక్రోట్ల వ్యాపారి గలగలయ్య తెల్లవారకముందే బనీనుతో గోడెక్కి, పిన్నిగారి పెరట్లో ఉన్న అక్రోటు చెట్టు పచ్చికాయలను పట్టిపట్టి చూస్తూ, ఒక్కొక్కటే తెంపి సంచిలో వేసుకున్నాడట. "వ్యాపారం చేసేదేమో ఓడలకి ఓడలు, దొంగతనం చేసేదేమో సంచెడు! అడిగితే ఇవ్వనా?" అని పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నదట.

పుకారులో సగం నిజం ఉంటుందంటారు. ఇందులో ముప్పాతిక ఉంది. గోడ నిజం, బనీను నిజం, సంచి నిజం. ఎందుకన్నదే ఎవరికీ తెలియదు. ఆ తెలియని పాతికే తర్వాత కొంప ముంచింది.

గలగలయ్య అన్నది ఆయనకు మండీ పెట్టిన పేరు. ఎండిన అక్రోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల పప్పు నిండుగా ఉందో ముడుచుకుపోయిందో చెప్పడం ఆయన విద్య. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, గోడగడియారం కొన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. అలా రెండు గడియారాలు ఆగిపోయాయి.

ఇంతకీ గోడెక్కడానికి కారణం బ్యాంకు. ముందురోజు మొగుడూపెళ్ళాలిద్దరూ ఏదో పనిమీద వెళ్ళారు. కౌంటర్లో కొత్తగా చేరిన గుమాస్తా ఆయన భార్యతో ఎంతో మర్యాదగా, "మీ నాన్నగారిని ఇక్కడ సంతకం పెట్టమనండి మేడమ్" అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేక కౌంటరు పట్టుకుంది. ఆయన సంతకమైతే పెట్టాడు గానీ, ఆ ఊపుకి పెన్ను కాగితాన్ని చీల్చుకుని అవతలికి పోయింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాడు. తల సున్నం కొట్టిన గోడలా ఉంది. రంగు వేద్దామంటే, కొనడం ఎలా? మందుల షాపువాడు "ఏ నలుపు కావాలి సార్, గాఢమా మామూలా?" అని వీధంతా వినేలా అడుగుతాడు. సెలూన్‌కు వెళితే అంతకంటే ఘోరం. ఆ సెలూన్‌లో రేడియో చెడిపోయి ఏళ్ళయినా ఎవరూ బాగుచేయించలేదు, అవసరం పడక. అప్పుడు నాయనమ్మ మాట గుర్తొచ్చింది. అక్రోటు పచ్చికాయ మీది తొక్క రుబ్బి పెడితే, వెండి తీగ కూడా బొగ్గయిపోతుందని ఆవిడ అనేది. ఇంట్లో వైద్యం పెట్టుకుని ఊరంతా తిరగడమెందుకనుకున్నాడు.

ఆ పూట ఆయన మనసు తేలిగ్గా ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. సముద్రం అవతల కేకులు తయారుచేసే కంపెనీ ఆవిడకు ఒక కంటైనర్ నిండా అక్రోట్లు పంపుతానని అప్పటికే ఒప్పుకున్నాడు. రేటు కూడా మాట్లాడేసుకున్నాడు. తన దగ్గర మాత్రం ఒక్క కాయ లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఆయన లెక్క ఆయనది. నిరుడు చెట్లు తక్కువ కాశాయి, కాబట్టి ఈ ఏడు ఎక్కువ కాస్తాయి. కాయ దులిపే రోజులకు ఇంకా కొన్ని వారాలున్నాయి. కొత్త సరుకు దిగగానే రేటు పడుతుంది. అప్పుడు కొని పంపుతాడు. అది గనక పడకుండా పెరిగిందా, గోడౌనూ ఇల్లూ ఊడ్చిపెట్టినా ఆ కంటైనర్ నిండదు. పడుతుందని మాత్రం ఆయనకు గట్టి నమ్మకం.

భార్య తన అక్కగారింటికి వెళ్ళిన మధ్యాహ్నం చూసి, తొక్కలు ఒలిచి మిక్సీలో వేశాడు. పచ్చగా తిరిగిన ముద్ద చూస్తుండగానే గోధుమరంగై, ఆ తర్వాత తారులా తయారైంది. రెండు చేతులతో తీసి తలకు దట్టంగా పట్టించి, కుర్చీలో కూర్చుని, కన్ను మూశాడు. కునుకులో బ్యాంకు గుమాస్తా వచ్చి, "మేడమ్, మీ తమ్ముడుగారా?" అని అడిగాడు.

లేచి తల కడుక్కుంటే జుట్టు ఎప్పటిలాగే తెల్లగా ఉంది. ఒంటికి వేడి చేసిందని ముందురాత్రి ఆముదం గిన్నెడు తలకు పోసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆముదం మీద రంగు తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయింది. చెవికీ నుదుటికీ కూడా అంటలేదు. చేతులకు మాత్రం ఆముదం లేదు కదా. మణికట్టు దాకా నల్లగా, గోళ్ళతో సహా, పెనం అడుగులా నిగనిగలాడుతున్నాయి.

సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు, ఇటుకముక్క అన్నీ అయ్యాయి. చర్మం ఎర్రబడింది, నలుపు పోలేదు. పచ్చి అక్రోటు మరక కడిగితే పోదు, తోలు ఊడితేనే పోతుందని మండీలో కొత్తవాళ్ళకు చెప్పేది ఈయనే.

సాయంత్రం భార్య వచ్చింది.

"ఏవండీ, ఈ మిక్సీ జారుకేమైంది? రోడ్డు పని చేసినట్టుంది!"

"కాఫీ గింజలు... రుబ్బి చూశాను."

"మనింట్లో కాఫీ తాగేదెవరు?"

"అదే, అలవాటు చేసుకుందామని."

"చేతులు వెనక్కి పెట్టుకున్నారెందుకు? చూపించండి. చూపించండి అంటుంటే! అయ్యో అయ్యో, ఇదేం కర్మ!" ఆవిడ ముందు చేతులు చూసింది, తర్వాత తల చూసింది, మళ్ళీ చేతులు చూసింది. సంగతంతా అర్థమై వంటింటి గడపలోనే కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నాన్నగారూ! జుట్టొక్కటి తప్ప అన్నీ నల్లబడ్డాయి కదండీ!"

"నవ్వింది చాల్లే. రేపు మండీకి ఎలా వెళ్ళేది?"

"ఎలా ఏముంది? ఉన్నమాట చెప్పి ఒక పూట నవ్వించుకోండి. అంతటితో పోతుంది."

"చచ్చినా చెప్పను" అని ఆయన అటకమీది పెట్టె దించి, చలికాలపు ఉన్ని చేతితొడుగులు వెతికాడు.

ఇక్కడ మండీ సంగతి ఒకటి చెప్పాలి. అక్రోటు పంట ఎలా ఉందో తెలియాలంటే, కాయ దులపకముందే కొండమీది తోటలకు వెళ్ళి, చెట్టుకు కొన్ని కాయలు కోసి, పప్పు కట్టిందో లేదో చూడాలి. అలా చూసినవాడి చేతులు నల్లబడి తీరతాయి. అందుకని ఆ రోజుల్లో మండీలో ఎవరూ ఎవరి మొహమూ చూడరు, చేతులే చూస్తారు. నల్లచేతులవాడు కనిపిస్తే బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు. రైతునే అడగొచ్చు కదా అంటారేమో. పంట బాగుందని ఏ రైతు ఏ ఏడు ఒప్పుకున్నాడు? తోటలకు బస్సుంది గానీ, బస్సు దిగాక ఎక్కాల్సిన కొండ కూడా ఉంది. మండీలో మోకాళ్ళ నొప్పుల వయసువాళ్ళే ఎక్కువ. కాబట్టి ఏటా ఒకడు చెట్లు చూస్తే మిగిలినవాళ్ళు వాడి చేతులు చూసేవారు. ఆ ఒక్కడు కూడా నిరుడే వ్యాపారం మానేశాడు.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాస్తోంది. బస్తాల మధ్య కాటా పక్కన అందరూ టీ తాగుతున్నారు. గలగలయ్య ఉన్ని తొడుగులతో వచ్చి కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈయన ఆ భుజాలకు ఉన్ని కూడా తొడిగాడు.

అందరికంటే ముందు చూసినవాడు చెవులపిల్లి. అతను పోటీ వ్యాపారి. ఊళ్ళో గుసగుస పుట్టకముందే అతనికి వినపడుతుందని ఆ పేరు వచ్చింది.

"ఏం బావా, ఈ ఎండలో చేతులకి చలేస్తోందా?"

"పొక్కులు లేచాయిలే. డాక్టరు గాలి తగలనివ్వొద్దన్నాడు."

"అయ్యో పాపం. సరేగానీ ఈ పాత సరుకెలా ఉందో ఓ మాట చెప్పు" అని చెవులపిల్లి రెండు కాయలు ఆయన ఒళ్ళో పడేశాడు.

రెండు అక్రోట్లను ఒకే పిడికిట్లో పెట్టి నొక్కి పగలగొట్టడం మండీవాళ్ళకు ఊపిరి తీసుకున్నంత మామూలు. గలగలయ్య ఆలోచించకుండా నొక్కాడు. ఉన్నిలో పట్టు దొరకని కాయ గులేరు రాయిలా ఎగిరి, కాటా దగ్గర కూర్చున్న మండీ పెద్దాయన బట్టతల మీద ఠంగుమని తగిలింది. "అమ్మో, పెద్దాయనా!" అని గలగలయ్య కంగారుగా లేచి, తొడుగు లాగేసి, ఆ తల నిమరబోయాడు.

పెద్దాయన తల సంగతి ఎవరికీ పట్టలేదు. తలమీదున్న నల్లటి చెయ్యినే అందరూ కళ్ళప్పగించి చూస్తున్నారు.

"తోటలకెప్పుడెళ్ళావురా?" అన్నాడు పెద్దాయన, ఆ చెయ్యి కిందినుంచే.

"నేనా? వెళ్ళలేదు."

"మరి ఈ చెయ్యేంటి?"

"ఇంట్లో... ఏదో చిన్న పని..."

"ఇంకో చెయ్యి చూపించు బావా" అన్నాడు చెవులపిల్లి. ఇంకోటి మరీ నల్లగా ఉంది.

గలగలయ్య మరుగుదొడ్డికని వెళ్ళి వచ్చేలోపు చెవులపిల్లి ముడి విప్పేశాడు. "మా పాలవాడు పొద్దునే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. పక్కింటి పెరట్లో చెట్టునైనా వదలకుండా, గోడెక్కి ఒక్కో కాయా పట్టిపట్టి చూశాడట! అంటే కొండలన్నీ అయ్యాకే కదా చివరికి పెరటి చెట్టుదాకా వచ్చాడు? పంట బాగుంటే మనిషి డప్పు కొట్టుకుని తిరిగేవాడు. తొడుగులేసుకుని దాస్తున్నాడంటే ఏంటర్థం?"

"పోయిందంటావా?" అన్నాడు పెద్దాయన.

"ఊడ్చిపెట్టుకుపోయింది!"

మధ్యాహ్నానికి మండీలో ఉన్న పాత సరుకు బస్తా మిగలకుండా చేతులు మారింది. సాయంత్రానికి పక్క ఊళ్ళ మండీలు అందుకున్నాయి. ఫోన్లు సముద్రం దాటాయి. ఒక చోట 'పంట తక్కువ'గా బయల్దేరిన మాట, రేవులో దిగేసరికి 'చెట్లే ఎండిపోయాయి' అయింది. గలగలయ్య చేతులు ఇంకా కాస్త నల్లగా ఉండి ఉంటే అడవులు తగలబడ్డాయని కూడా అనేవాళ్ళే.

రేటు రోజురోజుకూ నిచ్చెనెక్కుతోంది. కొనాల్సిన గలగలయ్య కింద నిలబడి మెడ ఎత్తి చూస్తున్నాడు. ఆ సమయంలో కేకుల కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది. ఇక్కడి పంట పోయిందని అక్కడందరూ అనుకుంటున్నారనీ, మిగిలిన వ్యాపారులంతా మాట మార్చి రేటు పెంచమంటున్నారనీ, నోరెత్తనిది ఈయనొక్కడేననీ, ఇంత నీతిగల మనిషిని తన జీవితంలో చూడలేదనీ చెప్పి, ఆ పాత రేటుకే ఇంకో కంటైనర్ కూడా పంపమని అడిగింది. పొగిడిన మనిషికి లేదని చెప్పడం ఈయన వంశంలోనే లేదు. "తప్పకుండా మేడమ్" అని ఫోన్ పెట్టేసి, తల పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉన్న ఫోను జారి టీ గ్లాసులో పడింది.

"ఒకటికి దిక్కులేదు, రెండోది ఒప్పుకున్నారా?" అంది భార్య.

"నీతిగల మనిషినంది..."

"ఆ నీతేదో మండీలో చూపించండి. జుట్టుకి రంగేసుకున్నానని చెప్పేస్తే ఇల్లయినా మిగుల్తుంది."

ఆయన ముందు సగం దారే వెళ్ళాడు. మండీలో నిలబడి, "పంట బాగుందయ్యా! దండిగా ఉంది! ఎవరూ తొందరపడి కొనొద్దు!" అని అరిచాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొనొద్దంటున్నాడంటే తను కొనుక్కోవడానికే కదా! మరో గంటలో రేటు ఇంకో మెట్టెక్కింది.

ఇక దాచి లాభం లేదనుకుని, మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. కాటా మీదికెక్కి, రెండు నల్లచేతులూ పైకెత్తాడు. "నేను ఏ తోటకీ వెళ్ళలేదు. బ్యాంకువాడు నన్ను మా ఆవిడకి నాన్న అన్నాడు. అందుకని జుట్టుకి రంగేసుకున్నాను. పిన్నిగారి చెట్టు కాయల తొక్క రుబ్బి వేసుకున్నాను. ఈ నలుపు అదే. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు!"

అందరూ ఆయన జుట్టు వైపు చూశారు. ఎండలో ధగధగా తెల్లగా మెరుస్తోంది.

"జుట్టుకేసుకుంటే జుట్టు నల్లబడాలి కదా బావా?" అన్నాడు చెవులపిల్లి నెమ్మదిగా.

"ఆముదం అడ్డమొచ్చింది!"

"ఆముదమా!" అని ఎవరో కిసుక్కుమన్నారు.

"మా ఆవిడనడగండి! చెప్పవే!"

"నిజమే అన్నయ్యగారూ. మిక్సీ జారు కూడా పాడైంది, ఇంటికొస్తే చూపిస్తాను" అందావిడ.

"పిల్లికి ఎలుక సాక్ష్యం" అన్నాడు చెవులపిల్లి.

మండీ పెద్దాయన తలమీది బొప్పి తడుముకుంటూ లేచాడు. "ఒరేయ్, వీణ్ణి ముప్ఫై ఏళ్ళుగా ఎరుగుదును. పరువు కోసం ప్రాణమిచ్చే రకం. అలాంటివాడు నలుగురిలో నిలబడి పెళ్ళాంతో సహా ఇంత సిగ్గుమాలిన అబద్ధం చెప్తున్నాడంటే, పంట ఎంత ఘోరంగా పోయుండాలి! మన కాలంలో ఇంత కరువు చూడలేదు. కొనండ్రా!"

ఆ దెబ్బకు ఇళ్ళలో దాచుకున్న గుప్పెళ్ళు కూడా మండీకొచ్చాయి. పక్కింటి పిన్నిగారు తన చెట్టు కాయలు కోయించకుండానే అమ్మేసి, గోడ మీద గాజుపెంకులు పెట్టించింది. గలగలయ్య ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఏ గది సామాను ముందు అమ్మాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. గోడగడియారం దగ్గర ఆగి, "ఇది ఎటూ నడవదు, వదిలెయ్" అన్నాడాయన.

కానీ అక్రోటు ఒక్క ఊళ్ళో కాసే కాయ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి కొండల్లోనో కాస్తుంది. భూమధ్యరేఖకు అటువైపు దేశాల్లో కాలాలు తారుమారు గనుక, వాళ్ళు కాయ దులిపి అప్పటికే నెలలైంది. మంచి రేటు కోసం కాచుకుని ఉన్న ఆ సరుకంతా ఈ కరువు కబురు వినగానే ఓడలెక్కింది. నిరుటి సరుకును కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని కూర్చున్న దేశాలవాళ్ళూ తాళాలు తీశారు. ఓడ వెనక ఓడగా రేవుల్లో దిగుతుంటే, ఇక్కడ కొండలమీద కూడా కాయ దులపడం మొదలైంది. చెట్టు కింద పరిచిన పట్టాలు కనపడనంత కాయ. కొమ్మలకు గుంజలు పెట్టాల్సి వచ్చిందట.

రేటు నిచ్చెన దిగలేదు, నిచ్చెనతో సహా పడింది. మండీలో కొన్నవాళ్ళందరూ బస్తాలమీద కూర్చున్నారు. అక్రోటు ఇనుములా దాచుకునే వస్తువు కాదు. ఉక్కపోతకు లోపలి నూనె కంపెక్కుతుంది. చెవులపిల్లి గోడౌన్ ముందునుంచి పోయేవాళ్ళు ముక్కుమీద గుడ్డ వేసుకున్నారు. ఒక్క కాయ కూడా కొనని గలగలయ్య, అడుగుకు పడిన రేటులో మేలురకం కొత్త సరుకు ఏరి కొని, రెండు కంటైనర్లూ నింపి పంపాడు. కేకుల కంపెనీ ఆవిడ ఆయన ఫోటో కావాలని అడిగింది. ఆయన టోపీ పెట్టుకుని దిగి పంపాడు.

దాంతో మండీకి జ్ఞానోదయమైంది. ఇదంతా పన్నాగమే! చేతులు తనే నల్లబరుచుకుని, తొడుగుల్లో దాచినట్టు నటించి, పెద్దాయన తలకు గురిచూసి కొట్టి, చివరికి కట్టుకున్నదానితో సహా కాటా ఎక్కి నాటకమాడాడు. అంత తెలివి తనకు లేదని గలగలయ్య ఎంత మొత్తుకున్నా, అది కూడా తెలివేననుకున్నారు.

మరుసటి ఏడు కాయ దులిపే రోజులు దగ్గరపడ్డాయి. ఒకరోజు పొద్దున పెద్దాయన, చెవులపిల్లి, ఇంకో పదిమంది గలగలయ్య ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, హాల్లో బారులు తీరి కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతులూ మణికట్టు దాకా కాటుకలా ఉన్నాయి. పక్కవాణ్ణి బోల్తా కొట్టించాలని ఎవరికి వారు ఇంట్లో మిక్సీలు పాడుచేసుకున్నారు. తీరా చూస్తే అందరి చేతులూ నలుపే, ఎవరి చెయ్యీ ఏమీ చెప్పడం లేదు. ఊరంతటిలో తెల్లగా ఉన్నవి గలగలయ్య చేతులే. వాళ్ళకు రాత్రుళ్ళు నిద్రపట్టనివ్వనివి అవే.

"బావా, నిజం చెప్పు. చేతులు తెల్లగా పెట్టుకున్నావంటే ఏంటర్థం?" అన్నాడు చెవులపిల్లి.

"సబ్బుతో కడుక్కున్నానని అర్థం."

"చూశారా, చెప్పట్లేదు!"

లోపలినుంచి ఆయన భార్య టీ పళ్ళెంతో వచ్చింది. పెద్దాయన గ్లాసందుకుంటూ గొంతు తగ్గించాడు. "నువ్వు అబద్ధమాడవు చెల్లెమ్మా. పోయినసారి కూడా మిక్సీ జారు సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది నువ్వొక్కదానివే, మేమే వినలేదు. ఇప్పుడు నువ్వే చెప్పు. ఈ ఏడు పంట ఎలా ఉంది?"

ఆవిడ ఆ నల్లచేతుల వరస వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"నన్నడుగుతారేంటి అన్నయ్యగారూ? ఇన్ని చేతులు నల్లబడ్డాయి, అక్కడ ఒక్క చెప్పుకైనా తోటమట్టి అంటిందా?"